డాక్యుమెంటరీ అంటే నిద్రొస్తదా? – హుస్నాబాద్ దోస్తుల పంచాయితీ

సౌండ్ వస్తుందా? కింద రోడ్డు మీద ట్రాక్టర్ పోతున్నది, జర పోనీయండి. ఆఁ, ఇప్పుడు ఓకే.

ఈరోజు కొత్త సినిమా రివ్యూ లేదు. టైటిల్ చూసే వచ్చిండ్రు గదా, డాక్యుమెంటరీల గురించి మాట్లాడుకుందాం. ఆగుండ్రి, అప్పుడే స్క్రోల్ చెయ్యకుండ్రి. ఈ పంచాయితీ మా దగ్గర నెలరోజుల నుంచి నడుస్తున్నది, మధ్యల ఇద్దరు నాలుగు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

సంగతేందంటే, హుస్నాబాద్‌ల మేం ఐదుగురం ఉన్నం. ప్రతి ఆదివారం సాయంత్రం మా దోస్తు మొబైల్ షాప్ మీద ఉన్న రూములో కూడుతం. సెకండ్ హ్యాండ్‌ల కొన్న ప్రొజెక్టర్ ఒకటుంది, గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేస్తం. ఏ సినిమా వెయ్యాలన్నది వంతుల వారీగా. పోయిన నెల నా వంతొచ్చింది. డాక్యుమెంటరీ వేద్దాం అన్న.

మా వాడొకడున్నడు, పేరు చెప్తే కొడ్తడు, అందుకే పుష్ప ఫ్యాన్ అంట. వెంటనే లేచిండు. "డాక్యుమెంటరీనా? ఆ మాత్రం దానికి ఇక్కడెందుకు, ఇంటికి పోయి పండుకుంట" అన్నడు.

"సరే రా, నువ్వు మొన్న తెల్లారగట్ల దాకా మేల్కొని చూసినవు గదా, వీరప్పన్‌ది, నాలుగు ఎపిసోడ్లు. అదేంది మరి?"

"అది సిరీస్."

"అది డాక్యుమెంటరీనే. 'ది హంట్ ఫర్ వీరప్పన్', 2023ల వచ్చింది. అంతకుముందు బురారి కేసు మీద మూడు ఎపిసోడ్లు చూసి వారం రోజులు బాత్రూంకు ఒక్కనివి పోలేదు, అదీ డాక్యుమెంటరీనే."

రూమంతా నవ్వులు. వాడు మాత్రం ఒప్పుకోలె. "హత్య ఉంటే చూస్త, లేకుంటే చూడ" అని తేల్చిండు. నిజం చెప్పాలంటే దేశంల చాలామంది పరిస్థితి ఇదే. ఓటీటీల డాక్యుమెంటరీ అంటే ఇప్పుడు క్రైమ్ అన్నట్టయ్యింది.

ఈ నిద్ర అనే పేరు ఎట్లొచ్చిందో మా బాపును అడిగిన. ఆయన నవ్విండు. వాళ్ల కాలంల సినిమాకు పోతే ముందు న్యూస్ రీల్ వేసేటోళ్లు. ఎక్కడో వరదలు, ఎక్కడో డ్యామ్, ఓ మంత్రిగారు రిబ్బన్ కట్ చేసుడు, వెనక నుంచి గంభీరమైన గొంతు. అది నడిచినంతసేపు జనం బయట బీడీ తాగేటోళ్లట. అసలు బొమ్మ పడ్డంకనే లోపలికి ఉరికేటోళ్లట. అవన్నీ ఫిల్మ్స్ డివిజన్ తీసినయి. 1948ల కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. సర్కారు ఆమోదించిన చిన్న సినిమా వెయ్యాలన్నది హాల్ లైసెన్స్ షరతుల్లోనే ఉండేది, పైగా హాల్ ఓనర్లు దానికి అద్దె కూడా కట్టాలె. ఇష్టం లేకుండా పెట్టిన అన్నం ఎవరికి రుచిస్తది చెప్పుండ్రి. మూడు తరాలకు డాక్యుమెంటరీ అంటే సర్కారు పాఠం అని మనసుల పడిపోయింది. ఫిల్మ్స్ డివిజన్‌ల కొందరు మస్తు మంచి సినిమాలు తీసిండ్రు, అది వేరే కథ. బీడీ తాగేటోళ్లకు అవి అందలేదు.

గని మన తెలంగాణల కథ ఇంకో తీరుగా కూడా నడిచింది. 'మా భూమి' పేరు వినే ఉంటరు. సాయుధ పోరాటం మీద వచ్చిన సినిమా. తీసింది గౌతమ్ ఘోష్, బెంగాల్ మనిషి, తెలుగు ఆయన భాష కాదు. అంతకుముందు ఆయన తీసింది డాక్యుమెంటరీలు. బెంగాల్ కరువు మీద 'హంగ్రీ ఆటమ్' అని తీసిండు. అసొంటి మనిషికి మొదటి ఫీచర్ సినిమా 'మా భూమి'. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు గారు. వారిది గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్, అంటే ఇప్పుడు మన సిద్దిపేట జిల్లానే. ఆయన తర్వాత 'దాసి' తీసిండు, దానికి అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆయనే 'మా ఊరు' అని ఒక డాక్యుమెంటరీ కూడా తీసిండు, తెలంగాణ పల్లె మీద. పుష్ప ఫ్యాన్ పక్క ఊరి దర్శకుని పేరు వినలేదు. నేనూ మూడేళ్ల కింద వినలేదు లెండి, వాన్ని అనుడెందుకు.

ఇగ రెండో పంచాయితీ. మా గ్రూపుల ఇంజనీరింగ్ చదివినోడు ఒకడున్నడు. వాడిది ఉల్టా వాదన. "సినిమా అబద్ధం, డాక్యుమెంటరీ నిజం, అందుకే డాక్యుమెంటరీనే గొప్పది" అంటడు. ఇది విన్నప్పుడల్లా నాకు 'నానూక్ ఆఫ్ ద నార్త్' యాదికొస్తది. 1922ల వచ్చింది, రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిండు. మంచు దేశంల బతికే ఇనుయిట్ మనిషి, అతని కుటుంబం, వేట. డాక్యుమెంటరీలకు తాత అసొంటి సినిమా. ఇందుల మంచు ఇల్లు ఉంటది గదా, ఇగ్లూ, దాని లోపల కెమెరాకు వెలుతురు సరిపోకపోతే సగం ఇగ్లూ కట్టిచ్చిండు. ఆ చలిల, ఒక దిక్కు గోడ లేని ఇంట్ల వాళ్లు నిద్రపోతున్నట్టు చేసిండ్రు. ఆ జనానికి అప్పటికే తుపాకులు ఉన్నయి, అయినా బల్లెంతోనే వేటాడిపిచ్చిండు. నానూక్ అన్న పేరే అసలుది కాదు, అతని పేరు అల్లకరియల్లక్. సినిమాల భార్య అని చూపిచ్చిన ఆమె అతని భార్య కాదు.

మరి అది అబద్ధమా? ఇంజనీర్ వెంటనే "ఫేక్" అన్నడు. నేను అంత సులువుగ అనలేను. ఆ మంచు, ఆ కుక్కలు, ఆ మనిషి నవ్వు అబద్ధం కాదు. కెమెరా ఎక్కడ పెట్టాలె, ఏది కోసెయ్యాలె అన్నది ఎవరో ఒకరు తేలుస్తరు. 2004ల 'సూపర్ సైజ్ మి' వచ్చింది. నెలరోజులు మెక్‌డొనాల్డ్స్ తిండి మాత్రమే తిని ఒళ్లు పాడైంది అని మోర్గాన్ స్పర్లాక్ చూపిచ్చిండు. కాలేజీల్లో పాఠం లెక్క చూపిచ్చిండ్రు దాన్ని. 2017ల ఆయనే తన తాగుడు అలవాటు సంగతి బయట పెట్టిండు. అప్పుడు జనానికి డౌటొచ్చింది, ఆ లివర్ లెక్కల్లో బర్గర్ వాటా ఎంత, మందు వాటా ఎంత అని. కాబట్టి డాక్యుమెంటరీ అని పేరుండగానే నమ్ముడు బంద్ చెయ్యాలె.

స్టార్ల మీద వస్తున్నయి కూడా అట్లనే చూడాలె. రాజమౌళి మీద 'మోడర్న్ మాస్టర్స్' 2024 ఆగస్టుల నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చింది, అదే ఏడాది చివర్ల 'ఆర్ఆర్ఆర్: బిహైండ్ అండ్ బియాండ్' వచ్చింది. రెండూ చూసిన, రెండూ నచ్చినయి. సెట్ల మీద ఆయన తిప్పలు చూస్తుంటే మనకూ ఏదైనా చెయ్యబుద్ధయితది. గని ప్రభాస్, ఎన్టీఆర్, రామ్ చరణ్, జేమ్స్ కామెరూన్, అందరూ మెచ్చుకునుడే. అడ్డం తిరిగి గట్టిగా ప్రశ్న అడిగినోళ్లు తక్కువ. పెండ్లి వీడియో చూసినట్టు చూడుండ్రి, హ్యాపీగా ఉంటది.

అసలు సంగతికి వస్త. మా గ్రూపుల ఒక చెల్లె ఉన్నది, డిగ్రీ ఫైనల్ ఇయర్. మా అందరికంటే ఎక్కువ చూసింది ఆమెనే. ఓ ఆదివారం 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' వేసినం. మీకు తెలుసు, 2023ల ఆస్కార్ వచ్చింది. ముదుమలై అడవుల బొమ్మన్, బెల్లి అనే దంపతులు తల్లి లేని ఏనుగు పిల్లను పెంచుడు. నలభై నిమిషాలే, పుష్ప ఫ్యాన్ కూడా పండుకోలె, ఏనుగు పిల్ల స్నానం చేస్తుంటే వాని మొఖం చూడాలె మీరు. అయిపోయినంక లైట్ వేస్తే ఆ చెల్లె ఒక్కటే మాట అడిగింది.

"అన్నా, వాళ్లకేమొచ్చింది?"

అవార్డ్ వచ్చిన కొన్ని నెలలకు ఆ దంపతులు బయటికొచ్చి మాకు ఇస్తమన్నది ఇయ్యలేదు అన్నరు. తీసినోళ్లు అట్ల కాదన్నరు. పేపర్లల్ల వచ్చింది. ఎవరిది నిజం అన్నది ఇక్కడ కూసోని నేను తీర్పు చెప్ప. అంతకు ముందు ఏడాది 'రైటింగ్ విత్ ఫైర్' ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది. బుందేల్‌ఖండ్‌ల దళిత ఆడోళ్లు నడిపే 'ఖబర్ లహరియా' పత్రిక మీద సినిమా. చాలా గట్టి సినిమా, తప్పకుండా చూడుండ్రి, ఫోన్ పట్టుకొని ఆ అక్కలు పోలీస్ స్టేషన్‌ల ప్రశ్నలడిగే సీన్లు మర్చిపోలేరు. గని ఆస్కార్ వేడుక ముంగట ఆ పత్రికోళ్లే ఒక ప్రకటన ఇచ్చిండ్రు, మా పనిని ఇందుల సగమే చూపిచ్చిండ్రు, ఇది మేం కాదు అని. దునియా అంతా చప్పట్లు కొడుతుంటే, సినిమాల ఉన్నోళ్లు ఇది మేం కాదు అంటున్నరు. ఏం చెయ్యాలె?

ఆ ప్రశ్న నాకు కడుపుల తగిలింది. ఎందుకు తగిలిందో చెప్త. ఇప్పటిదాకా ఏ ఎపిసోడ్‌ల చెప్పలేదు.

గౌరవెల్లి రిజర్వాయర్ మాకు దగ్గరే, అక్కన్నపేట మండలంల. మొదలు ఒకటిన్నర టీఎంసీల లోపే అనుకున్నరు, తర్వాత 8.23 టీఎంసీలకు పెంచిండ్రు. సామర్థ్యం పెరిగితే ముంపు కూడా పెరుగుతది గదా. నేనేమో ఒడ్డు మీదున్నోన్ని. నీళ్లొస్తే మా బాపు చెల్కకు కూడా లాభమే. ఈ మాట దాచి పెట్టి నేను ఏడుపు వీడియో తీస్తే అది దొంగతనమైతది, అందుకే చెప్తున్న.

పోయినేడు ఎండాకాలం నేను, ఇంజనీర్ కలిసి ఒక ముంపు ఊరికి పోయినం. ఊరి పేరు చెప్ప, ఎందుకో ముంగట మీకే తెలుస్తది. షార్ట్ డాక్యుమెంటరీ తీద్దాం, ఫెస్టివల్స్‌కు పంపుదాం అని ఉత్సాహం. అక్కడ ఒక అవ్వ కలిసింది. అప్పటికే హుస్నాబాద్‌ల కిరాయికుంటున్నది, గని అప్పుడప్పుడు ఆటోల వచ్చి ఇల్లు చూసుకొని పోతదట. కడప కడిగి, ముగ్గేసి, తాళమేసి పోతది. తీసుకుంటం అవ్వా అంటే "తీసుకోండ్రి బిడ్డా" అన్నది. ఏం తీస్తున్నం, ఎక్కడ పెడ్తం అని మేం చెప్పలె. ఆమె అడగలె.

తాళం వేసే షాట్ తీసినం. వెలుతురు సరిగా రాలె. ఇంజనీర్ అడిగిండు, "అవ్వా, మళ్లొక్కసారి తాళం వెయ్యవా?" ఆమె తీసి మళ్లేసింది. నేను అన్న, "అవ్వా, ఇంకొక్కసారి, జర మెల్లగ." మూడోసారి వేసినంక తాళం పట్టుకొని అట్లనే నిలబడి ఏడ్చింది. మేం కెమెరా బంద్ చెయ్యలె. బండి మీద వచ్చేటప్పుడు "ఏం షాట్ రా" అని అనుకున్నం. అన్నది నేనే. ఫ్లాహర్టీ కట్టిచ్చిన సగం ఇగ్లూ గురించి నేను ఎందుకు అంత మెత్తగ మాట్లాడిన్నో ఇప్పుడు సమజయ్యిందా?

41 నిమిషాల ఫుటేజ్ ఏడాదిగా నా ఫోన్ల ఉన్నది. చెల్లె ప్రశ్న అడిగిన రోజు అందరికీ చూపెట్టిన. పెద్ద లొల్లి అయ్యింది. ఇంజనీర్ అప్‌లోడ్ చేద్దామన్నడు, "మనం చూపియ్యకపోతే ఎవరు చూపిస్తరు, ఊరే ఉండది రేపు" అన్నడు. అందుల న్యాయం ఉన్నది. చెల్లె డిలీట్ చెయ్యమన్నది. మొబైల్ షాప్ దోస్తు ఏమంటలేడు, చాయ్ పోస్తున్నడు. పుష్ప ఫ్యాన్ మాత్రం ఒక మాటన్నడు: "ఏందిరా, అవ్వ గింత చిన్నగ కనవడుతున్నది?"

చూస్తే నిజమే. ఆమె అరుగు మీద కూసుంటే మేం నిలబడి తీసినం. షాటన్నీ పైనుంచి కిందికి.

వానికి తెలవకుండానే వాడు అన్న ఆ మాట పస్తాపూర్ ఆడోళ్లు ఎప్పుడో చెప్పిండ్రు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడ సంఘంల ఉన్న దళిత ఆడోళ్లు, బడి మొఖం చూడనోళ్లు, వీడియో కెమెరా నేర్చుకున్నరు. కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అని వాళ్లది. నేర్చుకునేటప్పుడు హై యాంగిల్, లో యాంగిల్ అన్న ఇంగ్లిష్ పేర్లు వాళ్లకెందుకు? సొంతంగ పేర్లు పెట్టుకున్నరు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కింద నుంచి తల ఎత్తి చూస్తే జీతగాని చూపు. ఇద్దరి కండ్లు సమానంగ ఉంటే సంఘం షాట్. నేను యూట్యూబ్‌ల సినిమాటోగ్రఫీ పాఠాలు వందల కొద్దీ చూసిన, ఇంత సాఫ్‌గా ఎవరూ చెప్పలె. మేం ఆ అవ్వను తీసిందంతా పటేల్ షాట్.

వాళ్లు తీసిన సినిమాల గురించి కూడా చెప్పాలె. 2002ల మన దేశంల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఈ ఆడోళ్లు కెమెరా పట్టుకొని వరంగల్ జిల్లా పత్తి రైతుల దగ్గరికి పోయి, విత్తనం పెట్టిన్నాటి నుంచి పంట చేతికొచ్చేదాకా తిరిగి తిరిగి తీసిండ్రు. 'వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకు' అన్న అర్థమొచ్చే పేరు ఆ సినిమాకు. తర్వాత మూడేళ్ల లెక్క పట్టుకొని ఇంకోటి తీసిండ్రు. రైతును ఇంటర్వ్యూ చేసేది ఇంకో రైతు. "పెట్టుబడి ఎంతయ్యింది? మందు ఎన్నిసార్లు కొట్టినవు? ఎన్ని క్వింటాళ్లొచ్చింది?" అని అడుగుతుంటే టీవీ రిపోర్టర్ అడిగినట్టుండది, చేను గట్టు మీద ముచ్చట పెట్టినట్టుంటది. విదేశాలల్ల కూడా ఆ సినిమా చూపిచ్చిండ్రు.

ఇది చూసి పుష్ప ఫ్యాన్ నన్ను ఇరుకున పెట్టిండు. "అంత నష్టమైతే మీ బాపు ఇప్పటికీ బీటీ పత్తే ఎందుకు పెడ్తున్నడు రా?" వాని ప్రశ్న కరెక్టే. దేశంల పత్తి భూమిల తొంభై శాతం పైన బీటీనే అయ్యింది తర్వాత. బాపును అడిగితే "వేరే విత్తనం దుకాన్ల దొరకాలె గదా" అన్నడు, కాసేపాగి "మొదట్ల కాయతొలుచు పురుగు తగ్గింది బిడ్డా, అది కూడా నిజం" అన్నడు. ఆ ఆడోళ్ల సినిమా ఒక పక్షం పట్టింది. పక్షం దాచుకోలె, పేర్లనే పెట్టింది. నాకు ఆ నిజాయితీ నచ్చింది, కానీ బాపు రెండో మాట అందుల లేదు. రెండూ చూడాలె మనం.

అవ్వ సంగతి మధ్యల ఆపిన. పోయిన వారం ఆమె కిరాయింటికి నేను, చెల్లె పోయినం. ఫోన్ చిన్నగుంటదని మొబైల్ షాప్ దోస్తు ట్యాబ్ ఇచ్చిండు. ఈసారి కింద సాప మీద ఆమె పక్కన కూసున్నం. 41 నిమిషాలు మొత్తం చూపిచ్చినం, ఏం కొయ్యకుండా.

ఆమె తనను తాను చూసుకోలె. నాకు అది మస్తు ఆశ్చర్యం. వెనక దర్వాజను చూస్తున్నది, యాపచెట్టును చూస్తున్నది. "గాడ ఆపు" అన్నది ఓ దగ్గర. గోడ మీద పిల్లల ఎత్తు కొలిచి గీసిన బొగ్గు గీతలు ఉన్నయి. మేం తీసేటప్పుడు అవి చూడనే లేదు, ఫ్రేమ్‌ల మూలకు పడ్డయి. వేలు పెట్టి చూపిచ్చింది, ఇది పెద్దోడు, ఇది చిన్నోడు అని.

తాళం షాట్ వచ్చింది. చూసింది. "మీరు మూడుసార్లు వేపిచ్చిండ్రు గదా" అన్నది. తిట్టలె, యాదికి తెచ్చుకున్నది అంతే. నాకు తలకాయ లేవలె. చెల్లె అడిగింది, "అవ్వా, ఇది అందరికీ చూపెట్టాల్నా, వద్దా?"

"ఇంట్ల పైసల పంచాయితీ ఇంకా తెగలే బిడ్డా. ఊరి పేరు పెట్టకు. నేను ఏడ్చింది తీసెయ్. ఇల్లుంచు. నా మనుమలకు పంపు."

అంతే చెప్పింది. ఆ రాత్రి కూసోని కట్ చేసినం. ఇంజనీరే ఎడిట్ చేసిండు, అలిగి నాలుగు రోజులు మాట్లాడనోడు. తొమ్మిది నిమిషాలొచ్చింది. కడప, ముగ్గు, దర్వాజ, బొగ్గు గీతలు, చెట్టు మీద పిట్టల సప్పుడు. మ్యూజిక్ పెట్టలె. ఆమె మనుమలిద్దరికి వాట్సాప్‌ల పంపినం, పెద్దోడు దుబాయ్‌ల ఉంటడట. ఏడుపు ఉన్న ముక్కను డిలీట్ చేసిన, ఇంజనీర్ ముంగటనే. వాడు ఇప్పటికీ అది తప్పంటడు, పదేండ్లకు దాని విలువ తెలుస్తది అంటడు. కావచ్చు. అందుకే ఈ ఎపిసోడ్‌ల మీకు క్లిప్ ఏదీ కనవడది, ఖాళీ దుప్పటి ముంగట నేను ఒక్కన్నే మాట్లాడుతున్న.

సరే, మీకు చూడనీకి కొన్ని చెప్పి పోత. హైదరాబాద్ తెలుసనుకునేటోళ్లు దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' వెతకండి. 1984 పాతబస్తీ గొడవల మీద, గొడవలు నడుస్తుండగానే తీసిండ్రు. ఎన్టీఆర్‌ను గద్దె దింపిన ఆగస్టు రోజులు కూడా అండ్లనే. చానేండ్లు ఎవరికీ దొరకలె, బెర్లిన్‌ల ఆర్సెనల్ అనే సంస్థ బాగుచేస్తే 2013ల అక్కడి ఫిల్మ్ ఫెస్టివల్‌ల మళ్లీ చూపిచ్చిండ్రు. ఆమెదే 'వి హావ్ నాట్ కమ్ హియర్ టు డై', రోహిత్ వేముల చనిపోయినంక క్యాంపస్‌ల ఏం నడిచిందో. అది చూసినంక చెల్లె, ఇంజనీర్ గంటసేపు కొట్లాడుకున్నరు, ఆ పంచాయితీ ఇంకో ఎపిసోడ్‌కు సరిపోతది.

వచ్చే ఆదివారం మాత్రం 'నీరోస్ గెస్ట్స్'. 2009ది, దీపా భాటియా తీసింది. పి. సాయినాథ్ గారు విదర్భ పత్తి రైతుల ఇండ్లకు పోవుడు, ఆ ఇంట్ల ఫోటోకు దండేసి ఉండుడు. గంట కూడా ఉండది. నీరో రాజు దావత్‌ల వెలుతురు కోసం ఖైదీలను కాలబెట్టిండట; మరి ఆ దావత్‌కు వచ్చిన చుట్టాలు ఎవరు అని ఆయన అడుగుతడు. పత్తి పెట్టే ఇంట్ల పుట్టినోళ్లు ఒక్కరే చూడకుండ్రి, ఇంట్లోళ్లతోని చూడుండ్రి. మేం బాపును కూడా పిలుస్తున్నం ఈసారి. పుష్ప ఫ్యాన్ వస్తనన్నడు, గని దిండు తెచ్చుకుంటడట.